ఊరు రాగానే వేడెక్కే కారు

మా కారు హైవే మీద చక్కగా నడిచేది. ఊరు వచ్చిందంటే వేడెక్కేది. హైవే మీద నడిపేది మా ఆయన గోపాలకృష్ణంరాజు, ఊళ్ళో నడిపేది నేను. కాబట్టి తప్పెవరిదో తేల్చడానికి మా ఇంట్లో ఎవరూ పెద్దగా బుర్ర పాడుచేసుకోలేదు.

"నీ చెయ్యి పడదు సూర్యకాంతం ఈ బండికి. క్లచ్ మీద కాలు తియ్యవు," అనేవారు ఆయన.

ఊరి మొదట్లో కారు పక్కకు ఆపి, "కాస్త ప్రాక్టీసు చెయ్యి" అని స్టీరింగ్ నాకు ఇచ్చేది కూడా ఆయనే. నేను నేర్చుకున్నది మా రొయ్యల చెరువు గట్టు మీద. అటు నీళ్ళు, ఇటు నీళ్ళు, కాలు తడబడితే రొయ్యల మధ్యకే. మా అత్తగారి రోజుల్లో రాజుల ఇళ్ళ ఆడవాళ్ళు తెరలు కట్టిన కారులో వెనక కూర్చుని, ఏ ఊరు దాటుతున్నారో కూడా తెలియకుండా వెళ్ళేవారట. నాకు తెరల్లేవు. ఎదురుగా అద్దం, అద్దం అవతల రోడ్డు. ఆ రోడ్డు మీద బండి నడపడం నాకు ఎంత ఇష్టమో చెప్పలేను.

అలాంటిది, ఆ ఎండాకాలం ఆయన చిట్టియ్య అనే డ్రైవర్ని కుదిర్చారు. సోమవారం నుంచి వస్తాడు. "ఇక నువ్వు హాయిగా వెనక కూర్చో" అన్నారు, వరమేదో ఇచ్చినట్టు. నాకు ఒళ్ళు మండింది.

దానికి ముందురోజే రాజమండ్రిలో మా చెల్లెలింటికి బయలుదేరాం. రావులపాలెం మొదట్లో అలవాటు ప్రకారం స్టీరింగ్ నా చేతికి వచ్చింది. అరటి మార్కెట్ దగ్గర లారీలూ, వ్యాన్లూ, గెలలు కట్టుకున్న సైకిళ్ళూ కలిసి రోడ్డును బిగించేశాయి. కారు కదలదు, వేడి చూపించే ముల్లు మాత్రం కదిలింది. అది ఎర్రగీత దాటేసరికి బానెట్ సందుల్లోంచి ఆవిరి మొదలైంది.

"చూశావా," అన్నారు మా ఆయన తృప్తిగా.

ఇంజన్ ఆపేస్తే మార్కెట్లో వాళ్ళు నలుగురు కలిసి బండిని పక్కకు తోశారు. బానెట్ ఎత్తాం. మా వైపు బానెట్ ఎత్తితే చాలు, దారిన పోయేవాళ్ళందరూ డాక్టర్లే. అప్పారావు అనే గెలల వ్యాపారి చేతికి తువ్వాలు చుట్టుకుని రేడియేటర్ మూత తీయబోయాడు. మరుగుతున్న నీళ్ళు మొహం మీదికి చిమ్ముతాయని నేను గట్టిగా ఆపాను. కొబ్బరిబొండాలమ్మే లోవలక్ష్మి ఇంకో వైద్యం చెప్పింది.

"ఆయ్, రెండు బొండాలు కొట్టి అందులో పోసేయమంటారాండి? మంచి చలవండి."

మా ఆయన ఆ సంగతి నిజంగానే ఆలోచిస్తున్నట్టు కనిపించారు. నాకు భయం వేసింది.

"ఆ నీళ్ళు నాకియ్యమ్మా, బండికొద్దు," అన్నాను.

బొండం తాగుతూ ఇంజన్ వైపు చూశాను. బండి పరిగెడుతుంటే ఎదురుగాలి తగిలి రేడియేటర్ చల్లబడుతుంది. ఆగితే గాలెక్కడిది? దానికోసమేగా వెనకాల ఫ్యాను పెట్టింది. ఇంత ఆవిరి కక్కినా ఆ ఫ్యాను ఒక్క చుట్టు తిరగలేదు.

"ఏమండీ, కొన్న కొత్తలో బండి ఆపేశాక కూడా ఈ ఫ్యాను గుయ్యిమని తిరిగేది కదా. ఈమధ్య చప్పుడే లేదేంటండి?"

ఆయన మొహం వెలిగిపోయింది. "అదా, నేనే వైరు పీకేశాను."

"ఎందుకండీ?"

"తాళం తీసేసినా తిరుగుతుంటే మోటారు కాలిపోదూ? చెరువు మీద ఏరేటర్లు ఎన్ని కాలిపోయాయో చూశావుగా. ఎవరో ఒకరు పట్టించుకోవాలి కదా మరి."

రొయ్యలకు ఊపిరాడేలా నీళ్ళు చిలికే ఆ ఏరేటర్లే ఆయన లోకం. ఏ మోటారైనా ఊరికే తిరుగుతుంటే ఆయన చూస్తూ ఊరుకోలేరు. లోవలక్ష్మి కత్తి కింద పెట్టి, చాలా మర్యాదగా అడిగింది.

"అంటే, ఎండలో నిలబెట్టి విసనకర్ర లాగేసుకున్నారాండి రాజుగారూ?"

అప్పటికి గానీ ఆయనకు ఎక్కలేదు. తెల్లచొక్కాకు మసి అంటుతున్నా పట్టించుకోకుండా వంగి, వేలాడుతున్న వైరును వెతికి, ఉండాల్సిన చోట గుచ్చారు. బండి చల్లారాక నీళ్ళు పోసి స్టార్ట్ చేశాను. మళ్ళీ ట్రాఫిక్‌లోనే ఇరుక్కున్నాం. కాసేపటికి ఫ్యాను గుయ్యిమంది. మా ఆయన ముల్లునే చూస్తూ కూర్చున్నారు. అది సగంలో ఆగిపోయింది. నా కాలు క్లచ్ మీదే ఉంది.

ఊరు దాటాక స్టీరింగ్ ఆయన తీసుకున్నారు. గోదావరి బ్రిడ్జి దాటాం. రాజమండ్రి మొదట్లో ఎప్పటిలాగే కారు ఆపి దిగారు. నేను దిగలేదు.

"ఇవాళ మీరే నడపండి. ఇక వేడెక్కదు కదా."

ఆయన తలుపు పట్టుకుని, పోతున్న బస్సుల వైపు చూస్తూ నిలబడ్డారు. ఏమన్నా అంటే తిరిగి అనడానికి నా దగ్గర రావులపాలెం నుంచీ కూడబెట్టిన మాటలు చాలానే ఉన్నాయి.

"నా వల్ల కాదు సూర్యకాంతం. పక్కన లారీ వచ్చి ఆగితే నాకు కాళ్ళూ చేతులూ ఆడవు. భయం."

ఊళ్ళో తగాదాలకు తీర్పులు చెప్పే మనిషి. ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు. జాలేసింది, జాలి వేసినందుకు కోపం కూడా వచ్చింది.

"మరి ఇన్నాళ్ళూ ప్రాక్టీసన్నారు?"

"ఏమనమంటావు మరి."

"చిట్టియ్య రేపొస్తాడుగా?"

"చెరువు మీద పెట్టుకుంటాలే. బండికి నువ్వున్నావుగా."

దిగి స్టీరింగ్ వైపు వెళ్ళి కూర్చున్నాను. ఆయన కాళ్ళు పొడుగు. ఊరు వచ్చినప్పుడల్లా నేను సీటు ముందుకు లాక్కోవడం, దాటగానే ఆయన వెనక్కి తోసుకోవడం మామూలే. ఆ రోజు ముందుకు లాక్కున్న సీటు మళ్ళీ వెనక్కి జరగలేదు.