ఇంట్లోంచే లాగిన్

“ఇంట్లనే ఉంటవ్ కద, జెర చారు సుత పెట్టరాదు” అంది అత్తగారు బాలమ్మ, టీవీ మీంచి చూపు తిప్పకుండానే.

హిమజ చింతపండు నానేసి, చేతులు చున్నీకి తుడుచుకుని మళ్లీ లాప్‌టాప్ ముందు కూర్చుంది. మెట్టుగూడలోని ఆ ఇంట్లో వంటింటికీ హాలుకూ మధ్య, వాషింగ్ మెషిన్ పక్కన ఇరికించిన బల్లే ఆమె ఆఫీసు. వాళ్ల కంపెనీలో అందరూ ఎవరిళ్లలో వాళ్లు కూర్చునే పనిచేస్తారు. ఫైళ్లన్నీ క్లౌడ్‌లో, అంటే ఎక్కడో దూరాన ఉన్న అద్దె కంప్యూటర్లలో ఉంటాయి. వాటిలోకి వస్తున్నది నిజంగా మనవాళ్లేనా, మనవాళ్ల పేరు పెట్టుకుని వస్తున్న దొంగలా అని కనిపెట్టడం హిమజ పని. నిన్న వచ్చినవాడైనా ఇవాళ మళ్లీ తానెవరో రుజువు చేసుకోవాల్సిందే, ఎవరినీ ముందే నమ్మకూడదు, అని కొత్తగా చేరినవాళ్లకు ఆమే పాఠం చెబుతుంది. ఇంట్లో మాత్రం నల్లా వచ్చినా, సిలిండర్ వచ్చినా, చుట్టాలొచ్చినా లేవాల్సింది హిమజే. ఇంట్లనే ఉంటది కద.

ఫోన్ మోగింది. ఆమె టీంలో పనిచేసే శాంతికుమార్. “హిమజ గారూ, మీ అకౌంట్ ఇంకో మెషిన్‌లో కూడా ఓపెన్ అయి ఉంది. అది మీదేనా?”

కాదంది. కాపలా మనిషి ఇంట్లోనే దొంగ పడ్డాడు. ఇదివరకు ఒక్కసారి ఫోన్‌లో ‘అవును నేనే’ అని నొక్కితే చాలు, ఆ తర్వాత సిస్టం చాలాకాలం మళ్లీ అడిగేది కాదు. ఆ లోపాన్ని పూడ్చమని పట్టుబట్టింది హిమజే. కొత్త పద్ధతి ఈ వారమే మొదలైంది. మొదట పట్టుబడింది తన పేరే.

వెంటనే ఆ మెషిన్‌ను బయటికి నెట్టేసి, ఎక్కణ్ణుంచి వచ్చారో ఇద్దరూ కలిసి వెతికారు. వాడిన నెట్ హిమజ వాళ్లింటి వైఫైయే. మెషిన్ పేరు దగ్గర ‘రాజేందర్ ఎలక్ట్రికల్స్’ అని ఉంది. రెజిమెంటల్ బజార్‌లో ఆమె భర్త దుకాణం పేరు అది. బిల్లులు కొట్టే ట్యాబ్‌ను ఆయన రోజూ ఇంటికి తెచ్చుకుంటాడు.

శాంతికుమార్ గబగబా, “నేను మళ్లీ చేస్తానండీ” అని ఫోన్ పెట్టేశాడు. అతను ఏమీ అడగకపోవడమే ఆమెకు ఎక్కువ సిగ్గనిపించింది.

ఒంటరిగా మిగతాది చూసింది. భర్త రాజేందర్, కంపెనీ ఫైళ్ల జోలికే పోలేదు. తెరిచింది చాట్ ఒక్కటే. అందులోనూ మేనేజర్ కల్పలతకు హిమజ రాసుకున్నవే, మళ్లీ మళ్లీ.

వేసవిలో మూడో నెల కడుపు పోయినప్పుడు రాసిన మాటలవి. ఆస్పత్రి నుంచి వచ్చిన మర్నాడే బాలమ్మ, “మల్ల అయితది తియ్యి, ఏడిస్తే ఏమొస్తది” అంది. రాజేందర్ ఏమీ అనలేదు. హిమజ బల్ల దగ్గర కూర్చుని, సెలవడగబోయి, ఆపుకోలేక రాసేసింది. ‘బాత్రూంలో నల్లా తిప్పి ఏడుస్తున్నాను కల్పలత గారూ. ఎట్లున్నవ్ అని ఆయన ఒక్కసారి అడిగితే చాలు.’

మధ్యాహ్నం రాజేందర్ తిండికి వచ్చాడు. అన్నం పెట్టి, చారు పోసి, ఎదురుగా నిలబడి అడిగింది. “నా ఆఫీస్ చాట్ చదివినవా?”

ఆయన చెయ్యి ఒక్క క్షణం ఆగి, మళ్లీ కలపసాగింది. “నువ్వు స్నానం చేసేటప్పుడు నీ ఫోన్ల ఓకే కొట్టి, ట్యాబ్ల ఓపెన్ చేసుకున్న. అయితే ఏందీ? పెండ్లాం దినమంతా ఎవలతోని మాట్లాడుతదో చూసుకోవద్దా? తప్పు మాటేం కనవడలే. గందుకే ఊకున్న.”

“బాత్రూంల ఏడుస్తున్న అని రాసింది చదివినవా?”

“చదివిన.”

“చదివి సుత ఒక్కమాట అడగలే.”

“ఎట్ల అడగాలె? అడిగితే నీకెట్ల ఎరుక అంటవ్ కద.”

హాల్లోంచి బాలమ్మ అంది, “మొగుడు పెండ్లాల నడుమ దాపరికాలేందే, తినేటప్పుడు పంచాయితీ ఏందీ.”

రాజేందర్ గొంతు తగ్గించాడు. “లాగిన్ నువ్వే ఇచ్చినవని మీ మేడంకు చెప్పు. కాదంటే ఇంట్లోళ్లు పొరపాటున చూసిండ్రంటే అయిపాయె. లేకుంటే నాకు తక్లీఫ్ అయితది.”

హిమజ బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. కళ్లల్లో నీళ్లు రాలేదు. ఇన్నేళ్లూ ఆమె ఒక్క మాట మీద కాపురం నెట్టుకొచ్చింది. ఆయనకు తెలియదులే పాపం, అనే మాట. జ్వరంతో వంట చేసిన రోజూ, తన ప్రమోషన్ సంగతి చెబుతుంటే ఆయన ఫోన్ చూసుకుంటూ కూర్చున్న రోజూ, కడుపు పోయిన తర్వాత గోడవైపు తిరిగి పడుకున్న రోజూ, మగవాళ్లకు చూడటం రాదు, తెలిస్తే అడగడా అని తనే ఆయన తరఫున వకాల్తా పుచ్చుకుంది. ఆయనకు తెలుసు. ఏ మాట కోసం తను కొట్టుకుపోతోందో అక్షరాలా చదివి, ట్యాబ్ మూసి, బయటికొచ్చి టిఫినేమైందని అడిగాడు. తెలియనివాడితో ఎలా బతకాలో ఆమెకు అలవాటే. తెలిసి ఊరుకున్నవాడితో ఎలా బతకాలో మాత్రం తెలియడం లేదు.

కాసేపటికి, శాంతికుమార్ ద్వారా సంగతి తెలిసి కల్పలత వీడియో కాల్‌లోకి వచ్చింది. ఆమె మొహంలో జాలీ ఇబ్బందీ కలిసి ఉన్నాయి. “హిమజా, ఇంట్లో మనిషే కదా, పొరపాటున తెరిచారని రాస్తే ఇక్కడితో అయిపోతుంది. కాదంటే విచారణ ఉంటుంది. రాజేందర్ గారిని పిలుస్తారు, పోలీసుల దాకా పోవచ్చు. తేలేదాకా నువ్వు ఆ ఇంట్లోంచి పనిచేయడానికి ఉండదు. నీ ఇష్టం. ఏమని రాయను?”

బాలమ్మ టీవీ సౌండ్ తగ్గించింది. రాజేందర్ దుకాణానికి పోకుండా, బండి తాళాలు పట్టుకుని తలుపు దగ్గరే నిలబడ్డాడు. హిమజ తలెత్తి చూసింది. పెళ్లిచూపుల్లో ఆ కళ్లను చూసే ఒప్పుకుంది. ఇప్పుడవి ఆమెను బతిమాలుతున్నాయి. ఆ కళ్లంటే ఆమెకు ఇప్పటికీ ఇష్టమే. అందుకే నోరు తెరవడానికి అంతసేపు పట్టింది.

“పొరపాటు కాదు కల్పలత గారూ” అంది. “చొరబాటు అని రాయండి.”