ఇతిశ్రీ చెప్పిన తేదీలు

మా తోడికోడలు ఇతిశ్రీకి ఏడాదిన్నరలో ముగ్గురు డాక్టర్లు మారారు. ముగ్గురి దగ్గరా నోరు విప్పింది మా అత్తగారే. "నెలనెలా టంచనుగా బయట చేరుతుంది బాబూ, అయినా కడుపు పండదు. ఆ గడ్డం మీద వెంట్రుకలు చూడండి" అనేది. మొదటాయన తిండి తగ్గించమన్నాడు. రెండో ఆయన దిగులు మానమన్నాడు. మూడో ఆయన పంచదార గోళీలిచ్చి మొహానికి పసుపు రాసుకోమన్నాడు.

వాళ్లను మాత్రం ఏమనగలం? ఆ టంచనే అబద్ధం. నేర్పింది నేను.

పెళ్లయిన కొత్తలో ఇతిశ్రీకి రెండున్నర నెలలు రాలేదు. అత్తగారు కటక్ చండీ గుడికి కొబ్బరికాయ పట్టుకెళుతూ కోడలు నెల తప్పిందని దారంతా చాటింది. పది రోజులకి పిల్ల బయట చేరింది. ఇక అత్తగారి నోటికి అడ్డూ ఆపూ లేదు. "పశువుకైనా ఓ వేళంటూ ఉంటుంది, దీనికదీ లేదు" అని అన్నం వడ్డిస్తూ కూడా అనేది. మా ఇంట్లో ముట్టయిన ఆడది నాలుగు రోజులు వంటింటి గడప తొక్కదు, కాబట్టి ఎవరి లెక్క ఏమిటో అందరికీ తెలుస్తుంది. నేను చూడలేక, "పిచ్చిదానా, వచ్చినా రాకపోయినా, నా నాలుగు రోజులూ అయి నేను లేచిన రోజున నువ్వు వెనక గదిలో చాప వేసుకో" అన్నాను. అది నవ్వింది. నేనేదో పుణ్యం చేశాననుకున్నాను.

నాలుగో డాక్టరు, పట్టజోషి అనే ఆవిడ గురించి వాకబు చేసిందీ నేనే. ముగ్గురం లోపలికి వెళ్లాం.

"మీరు కాసేపు బయట కూర్చోండమ్మా" అంది డాక్టరు అత్తగారితో.

"నా కోడలి గురించి నాకు తెలియందేముంది? నేను చెప్తా, రాసుకో. నెలనెలా టంచనే."

డాక్టరు ఇతిశ్రీ గడ్డం, మెడ మీద నల్లటి చారలు చూసింది. "ఈవిడ చెప్పే లెక్కకీ నీ ఒంటికీ పొంతన లేదమ్మాయ్. అండాశయాల జబ్బులా ఉంది, పీసీఓఎస్ అంటారు. మందులున్నాయి, దారిలోకి వస్తుంది. నిజం తేదీలు చెప్పు చాలు."

ఆ పిల్లని అడిగిన మనిషి అప్పటిదాకా లేదు. ఏడుస్తూనే అంతా చెప్పేసింది. ఐదు నెలలు అసలు రాలేదని, కార్తీకంలో వచ్చి పంతొమ్మిది రోజులు ఆగలేదని, ఆ నెల వంతు చాప మీద అప్పటికే కూర్చుని లేచిందని.

కార్తీకమంతా అత్తగారికి హబిస నోము. మామగారు పోయినప్పటి నుంచి ఇరవై ఏళ్లుగా ఒంటిపూట, మడితో వండిన పచ్చిబియ్యపు అన్నం, అరటికాయ వేసిన పెసరపప్పు. పోయిన కార్తీకం నేను పుట్టింట్లో ఉన్నాను, వంటంతా ఇతిశ్రీదే.

అత్తగారు ఇతిశ్రీని నెమ్మదిగా అడిగింది.

"నా హబిస కుండ దించింది నువ్వే కదూ?"

"అవునత్తయ్యా."

"ఈ దొంగ ముట్టు నీకెవరు నేర్పారే?"

ఇతిశ్రీ నా వైపు చూడను కూడా లేదు. "నాకే తోచింది" అంది.

నేను గుడ్లప్పగించి గోడకేసి చూస్తూ కూర్చున్నాను. నోరు విప్పితే నా సామానూ వీధిలో పడుతుందని తెలుసు. సిగ్గులేని ప్రాణం.

"డాక్టరమ్మ మంచిదే" అంది అత్తగారు ఆటోలో. మందులన్నీ తనే కొనిపించింది. మర్నాడు వాటితో సహా ఇతిశ్రీని ఆస్కాలో పుట్టింటికి పంపేసింది. దాని మొగుడు, మా మరిది పబిత్ర, బస్టాండు దాకా సంచి మోశాడు. అంతే అతగాడి మగతనం.

ఆరు నెలలకి ఇతిశ్రీ ఫోన్ చేసింది. గొంతు నిండా సంతోషం. "అక్కా, నాలుగు నెలలుగా సరిగ్గా వస్తోంది. ఒట్టు. అత్తయ్యకి చెప్పవా?"

చెప్పాను. అత్తగారు చేటలో బియ్యం చెరుగుతోంది. తలెత్తలేదు.

"వచ్చిందని చెప్పడం దానికి అలవాటేగా" అంది. ఓ రాయి ఏరి పారేసి, "నువ్వేమంటావే, నిజమేనంటావా?" అని అడిగింది.

"ఏమోనత్తయ్యా" అన్నాను.