పిల్లి మెడలో దారం

ఆ బూడిదరంగు పిల్లి మెడలో ఉన్నది నా దారమే. బైండింగ్ షాపు వెనక గోడ మీద అది ఎండకు కూర్చుని మెడ సాచినప్పుడు, వెంట్రుకల మధ్య ముడి కనిపించింది. ముప్పై ఏళ్లుగా పుస్తకాలు కుడుతున్నవాడికి తన ముడి తెలియకపోతుందా? మైనం పట్టించిన దారం తెగదు, సాగదు. పిల్లిదింకా ఎదిగే వయసు. అది ఎదిగేకొద్దీ దారం బిగుస్తుంది.

నా భార్య ఉన్నన్నాళ్లూ కుట్టగా మిగిలిన దారాన్ని అంగుళం అంగుళం ముక్కలు చేస్తేగానీ చెత్తబుట్టలో వేసేది కాదు. చాదస్తమని నవ్వేవాణ్ణి తప్ప ఎందుకని ఏనాడూ అడగలేదు. ఆమె పోయాక ఈ రెండేళ్లూ ఉచ్చులు ఉచ్చులుగానే పారేస్తూ వచ్చాను.

పశువుల డాక్టరు బోను ఇచ్చాడు. పిల్లి దాని చుట్టూ ఒకసారి తిరిగి, వాసన చూసి, వెళ్లిపోయింది.

"అయితే మచ్చిక చేసుకోవడమే సార్. మూడు వారాల్లో దారం తీసెయ్యాలి. ఆలస్యమైతే ఊపిరాడదు," అన్నాడు డాక్టరు.

మొదటిరోజు చేపముక్కల గిన్నెతో గోడ దగ్గర వంగి "రా తల్లీ" అని చెయ్యి చాపాను. బుస్సుమంది. రెండు రోజులు జాడ లేదు. పై వాటాలో ఉండే మా మరదలు, నా భార్య చెల్లెలు, కిటికీలోంచి అంతా చూసింది.

"అలా మీదపడితే ఎవరొస్తారు బావా? వీపు తిప్పి కూర్చుని మీ పని మీరు చేసుకోండి."

"మీ అక్క అలాగే వచ్చిందిలే."

"అక్క వచ్చింది మిమ్మల్ని చూసి కాదు, మీ పుస్తకాల్ని చూసి!"

వెనక తలుపు తెరిచి, గడపలో గిన్నె పెట్టి, వీపు తిప్పి కుట్టుకుంటూ కూర్చున్నాను. గిన్నెను రోజుకో జానెడు లోపలికి జరిపాను. అది తింటున్నంతసేపూ ఊరికే కాగితం కత్తిరించేవాణ్ణి, కత్తెర చప్పుడుకు బెదరకుండా అలవాటవ్వాలని. పన్నెండో రోజు దాని తోక నా పిక్కను తాకింది. ఆ సంబరంలో ఒక ఫారం, అంటే పదహారు పేజీల మడత, తలకిందులుగా కుట్టేశాను. విప్పడానికి గంట పట్టింది. పదిహేనో రోజు గడ్డం కింద గోకనిచ్చింది. దారం కింద నా వేలికొన కూడా దూరలేదు.

పద్దెనిమిదో రోజు పొద్దున తింటూ తింటూ ఆగి, ఊపిరి అందక గురకపెట్టింది. ఇక ఆగకూడదనుకున్నాను. ఎడమచేత్తో గోకుతూ వెంట్రుకలు విడదీసి, కత్తెర మొద్దుకొనను దారం కిందికి జారించాను. టిక్కుమంది. దారం నా వేళ్లకు వచ్చింది. పిల్లి ఎగిరి, గిన్నె తన్నేసి, గోడ దూకి పోయింది.

మధ్యాహ్నమైనా రాలేదు. నాలుగైనా రాలేదు.

"బతికింది కదా బావా. రాకపోతే రాకపోనివ్వండి," అంది మరదలు కిందికి దిగివచ్చి. మాట అలా అన్నదేగాని తనూ గోడవైపే చూస్తోంది.

నిజమే, బతికింది. అది చాలు. గిన్నె కడిగి, మళ్లీ నింపి, చెత్తబుట్ట ముందు కూర్చున్నాను. ఆ రోజు పారేసిన దారాలన్నీ బయటికి తీసి, నా భార్య చేసినట్టే, అంగుళం అంగుళం కత్తిరించడం మొదలుపెట్టాను. టిక్. టిక్. టిక్.

గడప దగ్గర మ్యావుమని కేక. అన్నం ఆలస్యమైందని ఇంటాయన మీద విరుచుకుపడ్డట్టు ఉందా గొంతు. ఇంత గొంతుందని ఇన్నాళ్లూ నాకు తెలియనే తెలియదు. సరాసరి వచ్చి గిన్నెలో తల పెట్టింది. మెడ చుట్టూ వెంట్రుకల్లో దారం పడిన సన్నటి గీత మాత్రం మిగిలింది.

"కత్తెర మోగితే భోజనమని నేర్పింది మీరే కదా," అంది మరదలు కళ్లు తుడుచుకుని నవ్వుతూ. "ఇక రోజూ ఆ దారాలు కత్తిరించక తప్పదు, బావా!"

"కత్తిరిస్తాలే," అన్నాను.