బొమ్మ ఆగిన చోట

"నువ్వు ఇంట్ల ఉండుడే ఉద్యమానికి పెద్ద మద్దతు స్వరూపా. రేపు దీక్షల నీ పేరు తీసేయించిన" అన్నాడు భర్త కొండల్, టీవీ మీది నుంచి కళ్ళు తీయకుండానే.

చాటలో బియ్యంలో రాళ్ళేరుతున్న స్వరూప వేళ్ళు ఆగిపోయాయి. పేరు తీసేయించాడు! అడగలేదు, చెప్పలేదు, తీసేయించాడు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైన నాటి నుంచి మానుకోట బస్టాండు దగ్గర పందిట్లో రోజూ కొందరు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిరాహార దీక్షకు కూర్చుంటున్నారు. కొండల్ బడిపంతులు, మండలం జేఏసీకి పెద్ద, కాబట్టి ఎప్పుడో కూర్చున్నాడు. దండ వేయించుకున్నాడు, పేపర్లో ఫోటో వేయించుకున్నాడు. స్వరూప సర్కారు ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటరు, ఆమె కూడా సమ్మెలోనే ఉంది. మహిళా ఉద్యోగుల వంతు రేపు. ఆ రేపటి కోసం ఆమె ఎంత ఎదురుచూసిందో ఆమెకే తెలుసు. ఆఫీసులో కోస్తా నుంచి వచ్చిన సూపరింటెండెంటు ఉన్నాడు. ఆమె టైపు చేస్తూ తన యాసలో "గిట్ల కొట్టాల్నా సార్" అని అడిగితే చాలు, "ఏదీ, ఇంకోసారి అనమ్మా" అని నలుగురిని పిలిచి మరీ నవ్వించేవాడు. రేపు ఆ పందిట్లో మైకు పట్టుకుని, 'గిట్ల' అనే మాటతోనే మొదలుపెట్టి, గుండెల్లో ఉన్నదంతా ఊరికి చెప్పాలనుకుంది. ఏం మాట్లాడాలో వంట చేస్తూ, బట్టలు ఉతుకుతూ లోలోపల వల్లె వేసుకుంది.

"ఎందుకు తీసేయించినవ్?"

"రేపు పగటీలి పన్నెండింటికి జిల్లా నాయకులు మనింటికొస్తాండ్రు. మనం తీయించిన వంటా వార్పు సినిమా చూస్తరు. ఇరవై మందికి అన్నం కావాలె. నువ్వు పోయి ఆడ ఉపాసం కూసుంటే ఈడ వాళ్ళకు ఎవలొండుతరు?"

గోడకు చేరగిలబడి వక్కలు కత్తిరిస్తున్న అత్త నవ్వింది. "మా కాలంల ఆడోళ్ళం దినాం దీక్షలనే ఉంటిమి బిడ్డా. అందరు తిన్నంక గంజుల అడుగున మిగిలితే తింటిమి, లేకుంటే లేదు. ఎవలన్న దండేసిండ్రా?"

వెక్కిరించిందో, తన గోడు వెళ్ళబోసుకుందో స్వరూపకు తెలియలేదు. ఒళ్ళు మాత్రం మండిపోయింది.

ఇంతలో టీవీలో బొమ్మ బిగుసుకుపోయింది. కొండల్ ముచ్చటపడి హాల్లో పెద్ద టీవీ పెట్టి, దాని కింద సినిమాలు చూడటానికని ఒక కంప్యూటరు అమర్చాడు. హోం థియేటర్ అంటాడు. వచ్చిన వాళ్ళందరితో "నా సిస్టం, అద్దం లెక్క కనబడ్తది" అంటాడు. ఆ అద్దం వెనక ఉన్న చెయ్యి ఎవరిదో మాత్రం ఏనాడూ అనలేదు. పెద్ద క్వాలిటీ సినిమా అంటే బిగించి కట్టిన మూట లాంటిది, చూస్తున్నంతసేపూ విప్పుతూ ఉండాలి. కంప్యూటరులోని గ్రాఫిక్స్ కార్డు ఉన్నదే ఆ పనికి. కానీ ప్లేయర్ సెట్టింగుల్లోకి వెళ్ళి, హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ అన్న చోట టిక్కు పెట్టి, ఈ పని నువ్వు చెయ్యమని దానికి అప్పజెప్పాలి. అప్పజెప్పకపోతే అది హాయిగా కూర్చుంటుంది, బరువంతా ప్రాసెసర్ మీదే పడుతుంది. అది వేడెక్కి, ఫ్యాను ఊళ పెట్టి, బొమ్మ ఎక్కడిదక్కడ ఆగి, మాట మాత్రం ముందుకు పోతుంటుంది. ఈ సంగతి స్వరూప మెనూలన్నీ వెతికి, తిప్పలుపడి తెలుసుకుంది. ఎప్పుడు తేడా చేసినా పాలు తోడేసినంత మామూలుగా సరిచేసి వంటింట్లోకి పోయేది. నిన్న కొండల్ ఎవరో ఇచ్చిన కొత్త ప్లేయర్ వేశాడు. పాత సెట్టింగులు పోయాయి. అంతే, ఇంకేమీ లేదు. ఇదే ఇంట్లో నలుగురి పని ఒక్క మనిషి మీద పడి, ఆ మనిషి వేడెక్కితే మాత్రం సరిచేసే టిక్కు ఎక్కడుందో ఎవరూ వెతకలేదు.

ఆగిన బొమ్మ వంక చూసింది. సమ్మెలో భాగంగా బయ్యారం రోడ్డు మీదే వండి, అక్కడే తిన్న వంటా వార్పు అది. పొద్దున్నే పొయ్యిలు పెట్టిందీ, ఉల్లిగడ్డలు కోసిందీ, పెద్ద పెద్ద అన్నం గంజులు ఎత్తి దించిందీ స్వరూప, ఆమెతో పనిచేసే హఫ్సా, ఇంకా పదిమంది ఆడవాళ్ళు. కెమెరా వచ్చేసరికి "జర పక్కకు జరుగుండ్రి" అన్నారు. గరిటెలు మగవాళ్ళ చేతుల్లోకి పోయాయి. ఇంట్లో తిన్న కంచం తీయని కొండల్ తలకు గులాబీ రుమాలు చుట్టుకుని అన్నం కలియబెట్టాడు. ఆ కలియబెట్టడం కూడా రాలేదు, అన్నం అడుగంటింది. ఆ చిత్రంలో స్వరూప మొహం ఎక్కడా లేదు. ఉప్పు గిన్నె అందిస్తున్న చెయ్యి ఒక్కటి ఉంది, మణికట్టు మీద గంజి పడి బొబ్బలెక్కిన చెయ్యి. సరిగ్గా ఆ చెయ్యి దగ్గరే బొమ్మ ఆగింది. కొండల్ గొంతు మాత్రం ఆగకుండా మోగుతోంది: "ఇది ఆత్మగౌరవ పోరాటం! మన బతుకు మన చేతుల్లకు రావాలె!"

"థూ, నీ చెయ్యి కాడనే ఆగి పడావు పడ్డది" అన్నాడు కొండల్. "ఏదో నొక్కుతవు గద, పొద్దుగాల నొక్కు. ఇప్పుడు అన్నం పెట్టు."

ఏదో నొక్కుతుందట! సూపరింటెండెంటు ఆమె భాషను చూసి నవ్వితే ఆత్మగౌరవం అన్నాడు ఇతను, ఊగిపోయాడు. మరి ఇదేంటి? బయటివాడు నవ్వి తొక్కితే, ఇంట్లోవాడు అన్నం పెట్టమని తొక్కాడు. స్వరూప లేచి అన్నం పెట్టింది.

పొద్దున కొండల్ నాయకులను తోడుకొని రావడానికి జీపులో పోయాడు. స్వరూప తానం చేసి, ఇస్త్రీ చీర కట్టుకుని, రాళ్ళేరిన బియ్యం చాటను హాల్లో కంప్యూటరు పక్కనే పెట్టింది. టిక్కు జోలికి పోలేదు. దేన్నీ చెడగొట్టలేదు. ఊరికే చెయ్యడం మానేసింది.

"పోయొస్త అత్తమ్మా."

అత్త బియ్యం వంక చూసింది, కోడలి వంక చూసింది. కొంగు సర్దుకుంటూ చిన్నగా అంది: "దండేస్తరు గదా... పారెయ్యకు. ఇంటికి తే, చూస్త."

స్వరూప తలూపి గబగబా గడప దాటింది.

పందిట్లో హఫ్సా ఎదురొచ్చింది. "అక్కా, నీ పేరు మీ సారే కొట్టేయించిండు గదా?"

"తినకుండ ఉండనీకి గూడ పేరు రాయాల్నా హఫ్సా? జర జరుగు."

హఫ్సా జరిగింది. ఎవరో బంతిపూల దండ వేశారు. మధ్యాహ్నానికి మైకు ఆమె దాకా వచ్చింది. అప్పుడే ఫోన్ మోగింది.

"యాడున్నవే? అందరు కూసున్నరు. బొమ్మ ముందుకు పోతలేదు. ఏం నొక్కాలె, జల్ది చెప్పు!"

"ఎక్కడ ఆగింది?"

"నీ చెయ్యి కాడనే!"

"ఆన్నే ఆగనీ. అందరిని మంచిగ చూడమను."

"పొయ్యి గూడ ముట్టియ్యలే! ఇజ్జత్ పోతాంది. ఏందే ఇది?"

"సమ్మె" అంది స్వరూప. "సకల జనులదని నువ్వే మైకుల చెప్తివి. నేను ఇయ్యాలనే చేరిన."