బోణీ బిడ్డ

కాటన్‌పేటలో ప్లాస్టిక్ సామాన్ల టోకు అంగడి నడిపే నంజమ్మకు రెండు రకాల మనుషులంటే బొత్తిగా గిట్టదు. సరుకు తెలియకుండా అంగడి పెట్టేవాళ్ళు ఒక రకం, గిరాకీ ఎవరో తెలియకుండా పెట్టేవాళ్ళు ఇంకో రకం. ఆ సోమవారం హెబ్బగోడిలో, ఆమె సొంత మేడ కింది హాలులో, రెండు రకాలూ ఒకే చోట చేరి ఒకరి మెడలో ఒకరు దండలు వేసుకుంటున్నారు.

వర్తక సంఘం వాళ్ళకు పుణ్యం మీద మనసైంది. గార్మెంట్స్ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళ చిన్న బిడ్డల కోసం ఒక కేంద్రం తెరుస్తున్నారు. మాట రాని బిడ్డను, నడక ఆలస్యమైన బిడ్డను మూడేళ్ళలోపే కనిపెట్టి, ఆ తల్లిదండ్రులకు దారి చూపించడం దాని పని. సంఘానికి అధ్యక్షుడు నంజమ్మ మరిది బైరప్ప. కేంద్రం నడిపేది బెళ్ళందూరు నుంచి వచ్చిన ఒక ట్రస్టు. దాని మేనేజరు గిరిధర్. తెల్లటి బూట్లు వేసుకుని, చేతిలో ఫోను తప్ప ఇంకేమీ పట్టుకోకుండా తిరిగే మనిషి.

హాలు ఊరికే ఇచ్చింది నంజమ్మే. సంఘం మీద ప్రేమతో కాదు. పై అంతస్తు గదిలో బాడుగకుండే మునిలక్ష్మి కొడుకు దర్శన్ కోసం. వాడికి రెండున్నరేళ్ళు. నోట ఒక్క మాట లేదు. వెనక నుంచి పిలిస్తే తిరిగి చూడడు. మగపిల్లలకు మాట ఆలస్యమే అని చుట్టుపక్కల వాళ్ళు చెప్తుంటే, తల్లి ఆ మాటనే పట్టుకుని రోజులు గడిపింది. మార్త అనే స్పీచ్ థెరపిస్టు పదిహేను రోజులకొకసారి కింది హాలుకే వస్తుందని చెప్పి, నంజమ్మే మునిలక్ష్మిచేత పొద్దుటి పూటకు సెలవు పెట్టించింది. ఇంకోసారి సెలవు అడిగితే మళ్ళీ రావద్దని సూపర్‌వైజరు ముందే చెప్పి పంపాడు. కాబట్టి ఈ పూటే చూపించాలి. మార్త పన్నెండుకల్లా ఇంకో కేంద్రానికి వెళ్ళిపోతుంది.

బ్యానరు కట్టకముందే మునిలక్ష్మి కొడుకును ఒళ్ళో పెట్టుకుని మెట్ల మీద కూర్చుంది. రాహుకాలం దాటగానే తలుపులు తెరిచారు. లోపలికి మాత్రం ఆమెను పిలవలేదు. అదే సమయానికి బైరప్ప కారు దిగి, పట్టులాల్చీ వేసుకున్న బిడ్డడొకడు ఎర్ర తివాచీ మీద నడుస్తూ లోపలికి వెళ్ళాడు.

నంజమ్మ మరిదిని పక్కకు లాగింది. "ఎవురప్పా ఆ పిల్లోడు?"

"ఓంకార్ అని, మన బట్టలంగడి సుంకన్న మనవడు వదినా. బెళ్ళందూరులో ఉంటారు. వీడు పుట్టినాకే సుంకన్న రెండో అంగడి తీసినాడు. చెయ్యి మంచిది."

"వీనికేం తక్కువని ఈడికి తెచ్చినారు?"

"ఏమీ తక్కువ లేదు. అందుకే తెచ్చింది. బోణీ కదా వదినా! మొదటి బిడ్డే మాట రానిదైతే కేంద్రం ఏం బాగుపడతాది?"

నంజమ్మ అతని ముఖంలోకి చూసింది. హాస్యమాడుతున్నాడేమో అనుకుంది. ఆడటం లేదు. ముప్పై ఏళ్ళుగా వ్యాపారం చేస్తున్నవాడు, మూగబిడ్డల కోసం తెరిచిన చోటుకు గలగలా మాట్లాడే బిడ్డను మొదటి గిరాకీగా ఎంచి తెచ్చుకున్నాడు. చుట్టూ ఉన్న వర్తకులంతా తలలూపుతున్నారు. బెళ్ళందూరు చదువైనా అడ్డుపడుతుందేమోనని ఆమె గిరిధర్ వైపు తిరిగింది.

"యాక్చువల్‌గా మాకు కూడా ఇదే బెటర్ అండీ," అన్నాడతను. "ఫస్ట్ కేస్ పాజిటివ్‌గా ఉంటే డోనర్స్‌కి మంచి మెసేజ్ వెళ్తుంది. ఫోటోస్ కూడా బాగొస్తాయి."

"ఆ మెట్ల మీద ఉండే బిడ్డ?"

"వాళ్ళు యాప్‌లో స్లాట్ బుక్ చేసుకోలేదండీ. నెక్స్ట్ విజిట్‌కి చూద్దాం."

ఒకడికి శకునం అడ్డం, ఇంకొకడికి ఫోను అడ్డం. మునిలక్ష్మి చేతిలో ఉన్నది మాట్లాడుకోవడానికి మాత్రమే పనికొచ్చే పాత ఫోను. ఆ సంగతి ఇంతవరకు ఎవరూ అడగలేదు.

లోపల మార్త కొత్త చాప మీద కూర్చుని ఓంకార్ ముందు బొమ్మల అట్టలు పరిచింది. కుక్క ఎక్కడుందో చూపించమంటే వాడు దాని జాతి పేరు చెప్పాడు. తర్వాత గ్రహాల పేర్లు వరసగా అప్పజెప్పాడు. చప్పట్లు మోగాయి. తాత సుంకన్న కళ్ళు తుడుచుకున్నాడు. పాపం, మార్త ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అట్టలు సర్దుకుంది. అంతటితోనూ ఆగలేదు. ఫోటోగ్రాఫరుకు వెలుతురు చాలలేదని అదంతా మళ్ళీ మొదటి నుంచి చేయించారు. అప్పటికే పదకొండు దాటింది.

బోణీ మీద నంజమ్మకూ నమ్మకమే. కానీ ఆమె మామ నేర్పిన పద్ధతి వేరు. మొదట గడప తొక్కినవాడు ఎవరైనా సరే, చిల్లి తువ్వాలుతో వచ్చినా సరే, నష్టానికైనా సరుకిచ్చి పంపాలి. ఎంచి పిలిపించుకున్నవాడు గిరాకీ కాదు, చుట్టం. ఇదంతా వీళ్ళకు నీతిగా చెబితే చెవికెక్కదు. సంఘం వాళ్ళ మనసు మెత్తబడే చోటు ఆమెకు బాగా తెలుసు. అది గుండె కాదు.

ఆమె హాలు నడుమకు వచ్చి నిలబడింది. "సుంకన్నా, ఒక మాట అడుగుతా. పొద్దున్నే గిరాకీ వచ్చినాడు. సరుకంతా తిప్పి తిప్పి చూసినాడు. బాగుండాది అన్నాడు. ఏమీ కొనకుండా పోయినాడు. దాన్ని ఏమంటారప్పా మీ అంగట్లో?"

"బోణీ చెడింది అంటాము," అన్నాడు సుంకన్న ఆలోచించకుండానే.

"నీ మనవడు ఈడ ఏం కొన్యాడు?"

సుంకన్న మనవడి చేతుల వైపు చూశాడు. నంజమ్మ తొందరపడలేదు. బేరంలో ఎదుటివాడు లెక్క వేసుకునేటప్పుడు మాట్లాడకూడదని ఆమెకు తెలుసు.

"వానికి అక్కరలేదు, తీసుకోలేదు. రెండుసార్లు ఆడించినారు, రెండుసార్లూ ఒట్టి చేతులతో లేసినాడు. బయట గడప మొదట తొక్కినోడు పొద్దున్నుంచి మెట్ల మీదే ఉండాడు. గిరాకీని కూర్చోబెట్టి చుట్టానికి అంగడి చూపించినారు. ఇంక మీ ఇష్టం. నాదేముంది, హాలు మాత్రమే."

బైరప్ప ముఖం పాలిపోయింది. "అయ్యో, అవును కదా!" అని ఎవరో అన్నారు. ఇంతసేపూ ఎవరికీ కనబడని మునిలక్ష్మి కోసం నలుగురు పెద్దమనుషులు ఒకేసారి గడప దగ్గరికి పరిగెత్తారు. "రామ్మా, రా, కుడికాలు పెట్టి రా!" జాలి చేయించలేని పనిని భయం ఒక్క నిమిషంలో చేయించింది.

మార్త దర్శన్‌ను చాప మీద కూర్చోబెట్టి, రంగు దిమ్మెలు ముందు పెట్టింది. వాడు ఆటలో పడ్డాక వెనక్కి వెళ్ళి ఒక చెవి వైపు గిలక్కాయ ఆడించింది. తర్వాత రెండో వైపు. వాడు దిమ్మెలు పేరుస్తూనే ఉన్నాడు. చిన్న డప్పు గట్టిగా కొట్టింది. హాలులో ఉన్నవాళ్ళంతా ఉలిక్కిపడ్డారు, వాడొక్కడు తప్ప.

మునిలక్ష్మి చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

"మాట రాకపోవడం కాదమ్మా, వినికిడి చూడాలి," అంది మార్త మెల్లగా. "ఇక్కడ తేలదు. ఆసుపత్రిలో చెవుల పరీక్ష చేయించాలి. చిట్టీ రాసిస్తాను. మధ్యాహ్నం రెండు గంటలలోపు వెళ్తే ఈ రోజే చూస్తారు. చిన్నప్పుడే వచ్చారు, అది మంచిదే. ఇంక మాత్రం ఆలస్యం చేయొద్దు."

"నాకు సెలవు పన్నెండున్నర దాకానే మేడం," అంది మునిలక్ష్మి. "పోకపోతే పనే ఉండదు."

బైరప్ప నంజమ్మ చెవి దగ్గరికి వచ్చాడు. "చూసినావా వదినా, మొదటి కేసే ఇట్లయింది. మంచి శకునం కాదు."

"నోర్మూయప్పా. మొదటి గిరాకీకి సరుకు ముట్టింది. అంగడి పెట్టినోడు దానికి ఏడుస్తాడా? కారు తీ. బిడ్డనూ తల్లినీ నువ్వే తీసుకుపోవల్ల."

"నేనా? సుంకన్న వాళ్ళను దింపల్ల కదా..."

"వాళ్ళు ఆటోలో పోతారు. చెయ్యి మంచిదంట కదా, తొందరగా దొరుకుతాది."

తర్వాత ఆమె గిరిధర్ వైపు తిరిగింది. "నీ బ్యానరు మీద ఈయమ్మ పనిచేసే ఫ్యాక్టరీ పేరుండాది కదా నాయనా?"

"అవునండీ, వాళ్ళు మా పార్ట్‌నర్స్..."

"ఫోన్ చెయ్. పొద్దున్నుంచి మామీద వాడిన ఇంగ్లీషంతా వాళ్ళమీద వాడు. ఈయమ్మకు ఈ రోజు సెలవు కావల్ల, పని పోకూడదు."

గిరిధర్ ఒకసారి బూట్ల వైపు చూసుకుని, కిటికీ దగ్గరికి వెళ్ళి ఫోను చేశాడు. పొద్దుటి నుంచి అతను చేసిన పనుల్లో ఎవరికైనా ఉపయోగపడింది అదొక్కటే. ఫోను పెట్టేసి, "ఓకే అన్నారండీ," అన్నాడు, తనకే నమ్మకం లేనట్టు.

"పేరు? ఎవరన్నారు?"

అతను ఒక పేరు చెప్పాడు. నంజమ్మ దాన్ని మునిలక్ష్మిచేత రెండుసార్లు పలికించింది. రేపు గేటు దగ్గర అడిగితే చెప్పడానికి.

కారు వెళ్ళిన కాసేపటికి భోజనాలు వచ్చాయి, సంఘం వాళ్ళు పై అంతస్తుకు వెళ్ళారు. ఓంకార్ తాతతో పాటు ఆటో కోసం రోడ్డు మీద నిలబడి, దారిన పోయే బస్సుల నంబర్లు చదువుతున్నాడు. మార్త సంచి సర్దుకుంటూ గడియారం చూసుకుంది.

"ఇంకొక్కరిని చూస్తారా తల్లీ?" అంది నంజమ్మ. "ఎదురు వరసలో ఒక బిడ్డుంది. ఏడాదిన్నర నిండినా ఇంకా నిలబడలేదు. వాళ్ళమ్మ ఇప్పుడే షిఫ్టు దిగి వచ్చింటాది."

"తీసుకురండి," అంది మార్త, సంచి మళ్ళీ కింద పెడుతూ.

నంజమ్మ చెప్పులు వేసుకుని వీధిలోకి దిగింది.