ఎగిరితే అందేంత ఎత్తు

"తేజా, ఆ క్యాబేజీ కాస్త తాడుకి కట్టేసి రా. పాపం, కోళ్ళకి తోచట్లేదు."

రఘువీర్ ల్యాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండానే అన్నాడు ఈ మాట. తేజశ్రీ అప్పటికి ఆ క్యాబేజీని చేతిలో పట్టుకుని, పెసరపప్పు వేసి కూర చేద్దామా, పచ్చడి చేద్దామా అని ఆలోచిస్తోంది. ఆలోచన అక్కడితో ఆగింది. ఫ్రిజ్‌లోంచి వంకాయలు తీసి బయట పెట్టి, క్యాబేజీ పట్టుకుని పెరట్లోకి నడిచింది. ఆ ఇంట్లో ఒక జీవికి తోచకపోవడమనేది ఇంత పెద్ద సంగతి అవుతుందని ఇన్నేళ్ళ కాపురంలో ఆమెకి ఎప్పుడూ తెలియదు. ఢిల్లీ వచ్చిన కొత్తలో ఒకసారి తనే నోరు తెరిచి, "నాకేం తోచట్లేదండీ" అంటే, "టీవీ పెట్టుకో" అన్నాడు ఇదే మనిషి.

పెరడంటే పెద్దదేం కాదు. నోయిడా సెక్టార్ ఇళ్ళలో కింది వాటా అద్దెకి తీసుకుంటే వెనకాల కలిసొచ్చే కాస్త మట్టినేల. అందులో ఇనుప తీగల జాలీ కట్టించి నాలుగు కోళ్ళని వదిలాడు రఘువీర్. బీపీ తగ్గాలంటే ఏదైనా హాబీ పెట్టుకోమని డాక్టర్ చెప్పాడట. హాబీ అతనిది, రెట్టలు ఎత్తడం ఈమెది. పొద్దున్నే నీళ్ళు మార్చడం, మేత వెయ్యడం, చీకటి పడ్డాక గూటి తలుపు గడియ పడిందో లేదో చూడటం, వాసన వస్తోందని పైవాటా ఓనర్ ఆంటీ మొహం ముడుచుకోకుండా వారానికోసారి గుడ్లు పట్టుకెళ్ళి ఇచ్చి నవ్వి రావడం, ఇవన్నీ కూడా ఎలాగో ఈమెవే అయ్యాయి. ఎవరూ పంచలేదు, ఎవరూ అడగలేదు. ఆఫీసు కాల్స్‌లో మాత్రం రఘువీర్ కెమెరా కోళ్ళవైపు తిప్పి, "మీట్ మై టీమ్" అంటాడు. అవతల అందరూ నవ్వుతారు.

నల్లకోడి రొమ్ము మీద ఈకలు పోయి ఎర్రటి చర్మం బయటపడటం ముందు చూసింది తేజశ్రీయే. మిగతా కోళ్ళు పొడిచాయేమో అనుకుంది. ఒకరోజు బట్టలు ఆరేస్తూ గమనిస్తే, అది ఒక మూల నిలబడి తన ఈకలు తనే ఒక్కొక్కటీ పీక్కుంటోంది. పశువుల డాక్టర్ని పిలిపించారు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బీమారీ నహీ హై, మేడమ్. బోర్ హో రహీ హై. కుఛ్ కామ్ దీజియే ఇస్‌కో" అని, జబ్బేం లేదు, తోచక చేస్తోంది, దీనికేదైనా పని పెట్టమని చెప్పేసి వెళ్ళిపోయాడు.

ఇక చూడాలి రఘువీర్ హడావిడి. భోజనం దగ్గర కూడా కోళ్ళ వీడియోలే. వాటికి అద్దం అంటే ఇష్టమట. ఇంకేం, తేజశ్రీ జడ వేసుకునే అద్దం జాలీకి ఎక్కింది. ఎక్కి కూర్చోవడానికి ఎత్తుగా చెక్కలు కావాలట. వెనక గదిలో గోడకి ఆనించి ఉన్న మడత బల్ల చెక్కలు ఊడదీశాడు. "నువ్వు వాడట్లేదుగా" అన్నాడు. వాడట్లేదు, నిజమే. గుంటూరులో డిగ్రీ కాలేజీలో తెలుగు లెక్చరర్‌గా ఉన్నప్పుడు ఆ బల్ల మీదే పేపర్లు దిద్దేది. అతని ఉద్యోగం కోసం ఇక్కడికి వస్తూ, సామాన్లలో దాన్ని కూడా ఎక్కించుకుంది. ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుందనుకుంది. ఇప్పుడు దాని మీద కోళ్ళు కూర్చుంటున్నాయి. ఆమెకి ఏడుపొచ్చింది గానీ, చెక్కముక్క కోసం ఏడిస్తే ఏం బావుంటుందని ఊరుకుంది.

చూడొచ్చిన అత్తగారు రాజేశ్వరమ్మ వెనక గుమ్మంలో కుర్చీ వేసుకుని ఈ తమాషా అంతా చూస్తూ ఉండేది. "ఎక్కడా వినలేదమ్మా, కోళ్ళకి కాలక్షేపం. మా తెనాల్లో పొద్దున్నే గంప ఎత్తేసేవాళ్ళం. మళ్ళీ సందేళ గంప వేసేదాకా వాటి దోవ వాటిదే."

"ఇక్కడ కుక్కలున్నాయమ్మా, కార్లున్నాయి" అన్నాడు కొడుకు.

"అవునులే. లోపలుంటే భద్రమే" అని ఆవిడ కోడలి వైపు చూసింది. అత్తగారు అలా ఎందుకు చూసిందో తేజశ్రీకి అప్పుడు తట్టలేదు.

అసలు ఆ వారమంతా ఆమె మనసు మనసులో లేదు. ఢిల్లీ ఓల్డ్ రాజిందర్ నగర్లో గది తీసుకుని సివిల్స్‌కి చదువుతున్న అనూహ్య ఫోన్ చేసింది. గుంటూరులో వీధి చివరి ఇంటి పిల్ల. "అక్కా, మా కోచింగ్‌లో తెలుగు ఆప్షనల్ చెప్పే సార్ మధ్యలో మానేశారు. బ్యాచ్ మొత్తం గాలిలో ఉంది. మీ పేరు చెప్పాను. ఆదివారంలోగా అవునో కాదో చెప్పమంటున్నారు. ప్లీజ్ అక్కా." వారానికి మూడు మధ్యాహ్నాలు. మెట్రో ఒకటే లైన్, మారాల్సిన పని కూడా లేదు.

ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ చెప్పింది. రఘువీర్ కోప్పడలేదు. అతనికి కోపం రాదు, బీపీ కదా. "రానూపోనూ సగం రోజు పోతుంది. ఎందుకు చెప్పు? ఏసీ ఉంది, పనిమనిషి ఉంది, నిన్నెవరైనా ఒక్కమాట అన్నారా? నీకేం లోటని?" అన్నాడు నెమ్మదిగా. కూతురు దీపు ఫోన్లోంచి తల ఎత్తి, "తో స్కూల్ కే బాద్ ఖానా కౌన్ దేగా, మమ్మీ?" అంది, బడి నుంచి వచ్చాక తనకి అన్నం ఎవరు పెడతారని. చివరగా, "కోళ్ళని ఎవరు చూస్తారు?" అన్నాడతను. తేజశ్రీ వెళ్ళి వంటింట్లో పాలు పొంగే దాకా నిలబడి బొటనవేలి గోరు పక్కన చర్మం పీక్కుంటూ ఉండిపోయింది. ఆ అలవాటు ఎప్పుడు పట్టుకుందో ఆమెకే తెలియదు. రక్తం వచ్చాక తెలుస్తుంది. మర్నాడు ఆ వేలికి పట్టీ చూసి రఘువీర్, "వంకాయలు కోసేటప్పుడు చూసుకోవాలి కదా" అన్నాడు. అంతకుముందు కూడా ఎన్నోసార్లు ఇదే మాట అన్నాడు. ఆమె కూడా ప్రతిసారీ అవునంది.

ఆదివారం అతని ఆఫీసు స్నేహితుడు అర్జున్, అతని భార్య వీణ భోజనానికి వచ్చారు. భోజనాలయ్యాక రఘువీర్ వాళ్ళని పెరట్లోకి తీసుకెళ్ళి తన ప్రతాపం అంతా చూపించాడు. ఎండుటాకుల కుప్పలో జొన్నలు కలపడం, దుమ్ములో పొర్లడానికి ఇసుకా బూడిదా కలిపి పెట్టిన తొట్టి, అద్దం, చెక్కలు, వేలాడే క్యాబేజీ. తేజశ్రీ అందరికీ టీ తెచ్చింది.

"ఇంత అవసరమా బ్రదర్? మేత వేస్తున్నావ్ కదా" అని నవ్వాడు అర్జున్.

"అదే అందరూ చేసే పొరపాటు" అన్నాడు రఘువీర్. అతని గొంతులో నిజంగానే జాలి ఉంది. "తిండి, నీళ్ళు, నీడ, భద్రత, అన్నీ ఉన్నాయి ఈ నల్లదానికి. అయినా చూడు, ఒళ్ళు పీక్కుంది. పాపం, అరవదు, గోల చెయ్యదు. మనం దగ్గరగా చూస్తేనే తెలుస్తుంది. తెలివైన జీవికి పొట్ట నింపితే సరిపోదురా. ఆ తెలివికి పని ఉండాలి."

తేజశ్రీ చేతిలో ట్రే ఉంది, ట్రే అంచు మీద పట్టీ వేసిన బొటనవేలు ఉంది. మొగుడు ఇంత బాగా మాట్లాడగలడని ఆమెకి తెలియదు. ఒక్క ముక్క కూడా తప్పు లేదు. కోపం రావాలి గానీ, ముందు ఆమెకి ఆశ్చర్యం వేసింది. ఇన్నాళ్ళూ ఈ మనిషికి అర్థం కాదు, చెప్పినా తెలియదు అనుకుని సర్దుకుపోయింది. తెలియకపోవడమేమిటి, అంతా తెలుసు. ఆమె వైపు మాత్రం చూడలేదు. వీణ చక్కెర అడిగితే లోపలికి వెళ్ళి చక్కెర డబ్బా తీస్తూ, పనిలో పనిగా అనూహ్యకి వాయిస్ మెసేజ్ పెట్టింది. "వస్తానని చెప్పమ్మా. మంగళ, గురు, శుక్రవారాలు అయితే నాకు కుదురుతుంది." చక్కెర తీసుకెళ్ళి ఇచ్చింది.

వచ్చినవాళ్ళు వెళ్ళాక, పనిమనిషి రాని రోజు కాబట్టి తనే గిన్నెలు తోముతూ చెప్పింది, మంగళ, గురు, శుక్రవారాలకి ఒప్పుకున్నానని. అడగలేదు, చెప్పింది.

రఘువీర్ ఫోన్ పక్కన పెట్టాడు. "మళ్ళీ అదేనా? ఆ మూడు రోజులూ నేను ఇంటి నుంచి పని చేస్తాను కదా."

"అందుకే ఆ రోజులు అడిగానండీ. మీరు ఇంట్లో ఉంటారు. దీపుకి అన్నం పెడతారు. కోళ్ళని చూస్తారు."

"నాకు మీటింగులుంటాయి."

"కోళ్ళని తెచ్చింది నువ్వేగా, అబ్బాయ్" అంది హాల్లో మంచం మీంచి రాజేశ్వరమ్మ, కళ్ళు మూసుకునే.

రఘువీర్ తల్లి వైపు చూసి, మళ్ళీ భార్య వైపు తిరిగాడు. "అది కాదు తేజా. నాకు నిజంగా అర్థం కాక అడుగుతున్నాను. ఇక్కడ నీకేం లోటు?"

తేజశ్రీ తడి చెయ్యి చీరకి తుడుచుకుంది. బొటనవేలి పట్టీ విప్పి, చెయ్యి అతని ముందు చాపింది. గోటికి రెండు పక్కలా చర్మం లేచిపోయి ఎర్రగా ఉంది.

"ఇది వంకాయలు కోస్తే తెగింది కాదండీ" అంది.

అతను ఆ వేలిని చూశాడు. తర్వాత తలుపులోంచి పెరటి వైపు చూశాడు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని మిగిలిన గిన్నెలు తోమేసింది.

మంగళవారం బయల్దేరుతూ ఆమె చెప్పులు వేసుకుంటుంటే, రఘువీర్ క్యాబేజీ, తాడు పట్టుకుని పెరటి గుమ్మంలో నిలబడ్డాడు. చెవిలో ఆఫీసు కాల్ నడుస్తోంది. దాన్ని మ్యూట్‌లో పెట్టి, "ఎంత ఎత్తులో కట్టాలి?" అని అడిగాడు.

"నిలబడి తినేలా కట్టకండి. అందనంత పైన కడితే అసలు అటు చూడటమే మానేస్తాయి" అంది తేజశ్రీ, భుజానికి బ్యాగ్ తగిలించుకుంటూ. "ఎగిరితే అందాలి."