చెవి తెగిన కుక్క

పాలకేంద్రం గడప దగ్గర శాంతమ్మ క్యాను మూత తీసి పట్టుకుని నిలబడే ఉంది. ఆమె వెనక వచ్చినవాళ్లు ముందుకు పోయి, పాలు పోసి, ఇళ్లకు కూడా చేరిపోయారు. పాలు కొలిచే భిక్షపతి ఆమె వైపు చూడకుండా, ఎదుటి గోడకు చెబుతున్నట్టు, "నీ పాలు వద్దన్నరు," అన్నాడు.

"ఎందుకు? ఇరిగినయా?"

"ఇరగలే. ఆ నల్లోన్ని ఎల్లగొట్టినంక తీస్కరా. అన్న చెప్పిండు."

అన్న అంటే ప్రభాకర్. మొయినాబాద్ నుంచి చేవెళ్ల పోయే రోడ్డు వెంట భూములకు రెక్కలొచ్చినప్పటి నుంచి ఆయన కాళ్లు నేల మీద ఆనడం లేదు. సాఫ్ట్‌వేర్ వాళ్లను కారులో తిప్పి ప్లాట్లు చూపిస్తాడు. పాలకేంద్రం ఆయనదే. ఊరి నోరు కూడా చాలావరకు ఆయనదే.

నల్లోడు అంటే ఎలియా. టాంజానియా దేశం నుంచి వచ్చి రోడ్డవతలి ఇంజనీరింగ్ కాలేజీలో చదువుతున్న పిల్లవాడు. కిరాయికిస్తామని బోర్డు పెట్టిన ఇళ్లన్నీ అతను తలుపు కొట్టగానే చిత్రంగా నిండిపోయాయి. చివరికి క్రైస్తవుల వాడకు వచ్చాడు. శాంతమ్మ కొడుకు సుకుమార్ గచ్చిబౌలిలో కంపెనీ కారు నడుపుతూ అక్కడే ఉంటున్నాడు కనుక వాడి గది ఖాళీ. ఆమె పేరడిగింది. ఎలియా అన్నాడు. బైబిల్లో ఉన్న మనిషే కదా అనుకుని తాళంచెవి చేతిలో పెట్టింది. అతను నేర్చుకున్న మొదటి తెలుగు మాట 'అవ్వ'.

అసలు తప్పు కుక్కది. ప్రభాకర్ పెంచుకునే టైగర్ ఉన్నట్టుండి కనబడకుండా పోయింది. అది ఆషామాషీ కుక్క కాదు. దాని ఎడమ చెవి సగానికి తెగి ఉంటుంది. చిలుకూరు అడవిలో చిరుతపులి కొరికిందనీ, టైగర్ తిరగబడితే ఆ పులి ఇప్పటికీ కుంటుతూనే తిరుగుతోందనీ ప్రభాకర్ చెబుతాడు. కోళ్లఫారం ముళ్లకంచెలో దూరబోయి తెంచుకుందని ఊరందరికీ తెలుసు. అయినా ప్లాటు కొనవచ్చిన వాళ్ల ముందు ఆయన ఆ చెవి పట్టుకుని చూపిస్తుంటే, పక్కనున్న తలకాయలన్నీ పులిని కళ్లారా చూసినట్టే ఊగేవి.

అంతటి కుక్క పోయేసరికి, ఛాయ్ హోటల్లో ఎవడో ఆ నల్లోడు తినేశాడేమో అన్నాడు. నవ్వులాటకే అన్నాడు. గ్లాసులో ఛాయ్ చల్లారే లోపల అది నిజమైపోయింది. మధ్యాహ్నానికి కుక్కకు తోడుగా వాడకట్టు పిల్లులన్నీ చేరాయి. షాబాద్ బస్సెక్కి పోయిన కబురు తిరుగు బస్సులో వచ్చేసరికి ఎలియా ఒక దున్నపోతును కొమ్ములతో సహా నమిలేశాడు. గుడ్డు కూర తప్ప ఇంకేదీ వండుకోవడం రాని పిల్లవాడు అతను. కథల దగ్గర ఆగితే నవ్వుకోవచ్చు. ముందురోజు సాయంత్రం కాలేజీ నుంచి వస్తుంటే చెట్ల చాటు నుంచి రాయి వచ్చి అతని నుదురు పగిలింది. శాంతమ్మ పసుపు అద్ది గుడ్డ కట్టింది.

ఇప్పుడు క్యాను మోసుకుని ఇంటికొచ్చేసరికి అరుగు మీద అబ్రహాము కూర్చుని ఉన్నాడు. చర్చి పెద్ద. ఆదివారం ఎలియా కూర్చున్న చాప మీద మరెవరూ కూర్చోకపోతే చూసీ చూడనట్టు ప్రార్థన నడిపించిన మనిషి. పిల్లవాణ్ని పంపించెయ్యమని మెల్లగా చెప్పాడు. ఊరోళ్లు ఇప్పుడిప్పుడే మనల్ని దగ్గరికి రానిస్తున్నారనీ, వీడి వల్ల మళ్లీ మొదటికొస్తుందనీ అన్నాడు.

"బాపూ, మన వాడ పాలు వేరే క్యాన్ల పోయించిన దినాలు యాదికున్నయా?" అంది శాంతమ్మ. "మన చెయ్యి తాకితే కేంద్రం పాలన్నీ ఇరుగుతయన్నరు. ఇరగంగ ఎవలన్న జూసిన్రా?"

"గది వేరే సంగతి."

"మరి నువ్వు చూసినవా, ఈ పోరడు కుక్కను తినంగ?"

అబ్రహాము తువ్వాలు దులుపుకుని లేచి వెళ్లిపోయాడు. ఆమె పొద్దుటి పాలను పొయ్యి మీద పెట్టింది. అన్ని పాలు తోడేసి ఏం చేసుకోవాలో ఆమెకు తెలియదు. ఇంట్లోకి ఉప్పూ పప్పూ వచ్చేది ఉన్న ఒక్క బర్రె మీదే.

సాయంత్రం బర్రెను పిండి లేచేసరికి వాకిట్లో ఎలియా. నడుముకుండాల్సిన బెల్టు కుక్క మెడకుంది. కుక్క టైగరే. శని, ఆదివారాలు పట్నం వాళ్లు విందులు చేసుకునే ఫామ్‌హౌస్ వైపు చెయ్యి చూపించి, ఎముకలు కొరుకుతున్నట్టు నటించి చూపించాడు. కుక్క బాగా ఒళ్లు చేసింది.

"దా బిడ్డా," అంది శాంతమ్మ క్యాను ఎత్తుకుంటూ.

కేంద్రం ముందు కుర్చీలో ప్రభాకర్, చుట్టూ పాలు పోయడానికొచ్చిన జనం. దెబ్బ తగిలిన పిల్లవాడు రోడ్డు మీదే ఆగి బెల్టు వదిలేశాడు. టైగర్ ఒక్క దూకులో వెళ్లి ప్రభాకర్ మోకాళ్ల మీద ముందరికాళ్లు వేసి, కుయ్యోమంటూ చొక్కా అంతా నాకింది. ఆయన చెయ్యి తనంతట తానే దాని తల మీదికి పోయింది. అంతలో జనం చూపులు గుర్తొచ్చి, నిప్పు తాకినట్టు వెనక్కి వచ్చింది.

"ఇది నాది కాదు."

"పటేలా, చెవి..." అన్నాడెవడో.

"చెవి తెగిన కుక్క లోకంల ఒక్కటే ఉంటదా? నా టైగర్‌ది కుడి చెవి."

తలకాయలు మళ్లీ ఊగాయి. పులిని చూసిన తలకాయలే. అసలుదాన్ని తిని, దానికి బదులు దొంగ కుక్కను తెచ్చాడని భిక్షపతి తేల్చేశాడు. కుక్క మాత్రం ఆ కాళ్ల దగ్గరే తోక ఆడిస్తూ, ఎందుకు తోస్తున్నారో అర్థంగాక మళ్లీ మళ్లీ మీదికెక్కుతోంది. ప్రభాకర్ కాలితో ఒక్క తాపు తన్నాడు. అది అరుస్తూ వచ్చి శాంతమ్మ వెనక నక్కింది.

ఆమె క్యాను దించింది. మూత తీసి తిరగేసి, అందులో నిండా పాలు వంచి నేల మీద పెట్టింది.

"నీది కాకపోతే నేనే సాదుకుంట. టైగర్, దా. తాగు."

పేరు వినగానే కుక్క మూతలో మూతి పెట్టింది. లొటలొటా తాగసాగింది. ప్రభాకర్ కుర్చీలోంచి లేచాడు.

"నల్లోన్ని ఎప్పుడు పంపుతున్నవే?"

"వాని పేరు ఎలియా. చదువయ్యేదాక నా ఇంట్లనే ఉంటడు." శాంతమ్మ క్యాను ఎత్తి కొలిచే బల్ల మీద పెట్టింది. "పాలు వోసుకుంటరా, వోసుకోరా? నాకు చెప్పు. గోడకు చెప్పకు, భిక్షపతీ."

భిక్షపతి చెయ్యి కొలపాత్ర మీద ఆగిపోయింది. అతను ప్రభాకర్ వైపు చూశాడు. ప్రభాకర్ కుక్క వైపు చూస్తున్నాడు. కుక్క ఖాళీ మూతను ఆఖరిసారి నాకి, తెగిన ఎడమ చెవి నిక్కబెట్టి, రోడ్డు మీద నిలబడ్డ పిల్లవాడి దిక్కు నడిచింది.